ఊరేగింపు ధర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళందరూ అంటారు. అబద్ధం. నాకున్నది కంగారు. కంగారు పడ్డ మనిషి గొంతు కాస్త పెరుగుతుంది, దానికి కోపమని పేరు పెడితే నేనేం చేసేది? ఆ మంగళవారం మధ్యాహ్నం కూడా నేను కంగారులోనే ఉన్నాను. సాయంత్రం ఐదింటికల్లా మేం తయారుచేసిన ముక్కలాట ఫైళ్ళు అచ్చాఫీసుకు వెళ్ళిపోవాలి. అది దాటితే వసంతకాలపు ఆటల సంతకు పెట్టెలు అందవు. సంతలో మా బల్ల మాత్రం ఖాళీగా మమ్మల్ని చూసి నవ్వుతూ ఉంటుంది.

మేం కూర్చున్నది ఒసాకాలోని తెన్మాలో, నాంబు-సాన్ అని మేం పిలిచే నాంబుగారి ఒకొనొమియాకి అట్ల దుకాణం మేడ మీది గదిలో. మంగళవారం దుకాణానికి సెలవు కాబట్టి ఆ గది మాదే. నాంబు-సాన్‌కు డెబ్బై దగ్గర పడుతున్నాయి. వయసంతా పెనం ముందు నిలబడి గడిపిన మనిషి, ఆటలంటే ప్రాణం. ఆవిడ పక్కన మకితా, రైల్వే స్టేషన్లో ఉద్యోగం, మంగళవారాలు సెలవు వచ్చేలా షిఫ్టు మార్పించుకుంటాడు. నాకు ఎదురుగా సుజు. హైస్కూల్లో ఒకే బెంచీ మాది. ఇప్పుడు ఆటలకు నియమాలూ అంకెలూ నేను చూస్తాను, బొమ్మలన్నీ సుజు వేస్తుంది.

ఆట సంగతి చెప్పాలి. మూతపడుతున్న బజారు వీధిని మళ్ళీ నిలబెట్టడం ఆట. మొదట్లో అందరి దగ్గరా ఒకే రకం ముక్కల కట్ట ఉంటుంది. చాలావరకు చిల్లర ముక్కలు, కొన్ని ‘మూసిన షట్టర్లు’. షట్టర్లు దేనికీ పనికిరావు, చేతిలోకి వచ్చి విసిగిస్తాయంతే. ఒక్కో వంతుకు ఐదు ముక్కలు తీసుకుని, అందులో ఉన్న చిల్లరతో మధ్యలో పరిచిన దుకాణాల్లో ఒకటి కొంటాం. కొన్నది మన కట్టలో కలుస్తుంది, తరువాత మళ్ళీ మన చేతికే వస్తుంది. క్షౌరశాల, ఊరగాయల కొట్టు, టోఫు కొట్టు, ఇలా కొన్న కొట్లు కూడా చిల్లర ఇస్తాయి, కాబట్టి కొంటున్నకొద్దీ కట్ట బలపడుతుంది. చివరికి ఎవరి వీధికి ఎక్కువ జనం వస్తే వాళ్ళది గెలుపు.

అన్నిట్లోకీ బలమైన ముక్క ఊరేగింపు. అది చేతికొస్తే అదే వంతులో ఇంకో మూడు ముక్కలు తీసుకోవచ్చు, పైగా ఒక మూసిన షట్టరును కట్టలోంచి శాశ్వతంగా పారేయొచ్చు. నలుగురు ఆడే ఆటలో అవి మూడే పెట్టాను. జనం వాటి కోసం కొట్టుకోవాలని కావాలనే పెట్టాను.

ఇలాంటి ముక్కకు ధర పెట్టడం చాలా కష్టం. తక్కువ పెడితే ముందు కొన్నవాడే గెలుస్తాడు, మిగతావాళ్ళు వాడి గెలుపు చూస్తూ కూర్చోవాలి. ఎక్కువ పెడితే ఎవరూ కొనరు, అంత మంచి ముక్క పక్కన పడి ఉంటుంది. మా పోయిన ఆటలో ‘రాత్రి రైలు’ అని ఒకటి ఉండేది. సంతలో పొద్దున పెట్టె కొనుక్కుపోయిన పెద్దాయన సాయంత్రం మా బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. వంగి దండం పెట్టి మరీ అన్నాడు: “బొమ్మలు చాలా బాగున్నాయండీ. కాకపోతే రాత్రి రైలు కొంటే ఆట అక్కడితో అయిపోతోంది కదండీ.” తరువాత నెట్టులో అందరూ అదే రాశారు. చలికాలమంతా కూర్చుని బొమ్మలు వేసింది సుజు. ఇంటికెళ్ళే రైల్లో నా పక్కన కూర్చుని మెల్లగా అంది: “ఇంకోసారి ఇలా అయితే నేను నీకు వేయను, కనాయే. నా బొమ్మలు చూసి జనం జాలిపడుతున్నారు.”

సుజు ఒక మాట రెండోసారి అనదు. అందుకే ఈసారి నేను ప్రాణం పెట్టి చూసుకున్నాను. ప్రతి మంగళవారం ఆడించాను. ఊరేగింపుకు మొదట ఏడు పెట్టాను. ఎవరూ ఎగబడలేదు. మహా అయితే మనిషికొకటి కొనేవాళ్ళు, మూడోది ఎప్పుడూ బల్ల మీదే మిగిలేది. ధర ఎక్కువైందనుకుని ఆరు చేశాను. అప్పుడూ అంతే. ఐదు చేశాను. మా ముక్కల మీద ధర ఒక కాగితపు లాంతరులో ఉంటుంది, ఆ అంకెను సుజు కుంచెతో వేస్తుంది. నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేస్తుంది. పెట్టె వెనకా, నియమాల కాగితం మీదా కూడా అదే బొమ్మ ఉంది కాబట్టి అక్కడా మార్చాలి. ఐదు వేసి ఇచ్చేటప్పుడు, “ఇదే ఆఖరు” అంది.

కాబట్టి ఆ మంగళవారం ఆట ఉత్త లాంఛనం. ఒకసారి ఆడేసి, ఫైళ్ళు పంపేసి, కింద కూర్చుని బీరు తాగుదామనుకున్నాం.

ఆట మధ్యలో నాంబు-సాన్ కిందికెళ్ళి పళ్ళెం నిండా తకోయాకి వేసి తెచ్చింది. పొగలు కక్కుతున్న పిండి ఉండలు నోరు కాలుతున్నా ఊదుకుంటూ తిన్నాం. చివరికి ఒకటి మిగిలింది.

“తినండర్రా, చల్లారిపోతోంది” అంది నాంబు-సాన్.

“మీరు తినండి” అన్నాడు మకితా.

“నేను వండినదాన్ని, నాకు వాసనకే కడుపు నిండింది. సుజు-చాన్, నువ్వు తిను.”

“నాకు చాలండీ. కనాయే పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు.”

“నాకొద్దు” అన్నాను. నిజానికి నాకు కావాలి.

మా ఒసాకాలో ఇలా పళ్ళెంలో మిగిలే చివరిదానికి మొహమాటపు ముద్ద అని పేరు. అందరికీ ఆకలే, అందరికీ మొహమాటమే. అది అలా చల్లారి గట్టిపడి, చివరికి వంటింట్లోకి పోతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. మకితా తన వంతు ఆడాడు. చేతిలో చిల్లర బల్ల మీద పరిచి, ఊరగాయల కొట్టు కొన్నాడు. నేను యథాలాపంగా అతని చిల్లర లెక్కపెట్టాను. ఆరుంది. బల్ల మధ్యలో ఊరేగింపు ఒకటి మిగిలి ఉంది. దాని ధర ఐదు.

పళ్ళెం వంక చూశాను. ముక్క వంక చూశాను.

“మకితా, నీ చేతిలో ఆరుంది కదా?”

“ఉందండీ.”

“ఊరేగింపు ఐదే కదా. ఊరగాయలెందుకు కొన్నావు?”

అతను మెడ వెనక గోక్కున్నాడు. “ఊరగాయలు కూడా బాగానే ఉంటాయి కదండీ.”

“నేనడిగింది అది కాదు.”

“ఏంలేదండీ, నా దగ్గర ఒకటుంది. అదేమో చివరిది. సుజు-సాన్‌కు ఇంకా ఒక్కటీ లేదు కదా అని.”

సుజు వైపు తిరిగాను. “పోయిన వంతులో నీకు ఐదు వచ్చింది కదే? మరి నువ్వెందుకు తీసుకోలేదు?”

“నాంబు-సాన్ దానివంకే చూస్తున్నట్టు అనిపించింది.”

“నేనెక్కడ చూశాను?” అంది నాంబు-సాన్. “నాకొకటి ఉందిగా. రెండోది కూడా లాక్కుంటే ముసల్దానికి ఎంత ఆశో అనుకోరూ?”

మరి నేనెందుకు తీసుకోలేదు? నాకూ రెండుసార్లు ఐదు వచ్చింది. ఆట తయారుచేసినదాన్ని, నా ముక్క నేనే ఎగరేసుకుపోతే ఏం బాగుంటుందని ఊరుకున్నాను. ఇన్ని నెలలుగా నేను చూస్తున్నది ఊరేగింపు ధర కాదు, మా నలుగురి మొహమాటం. ఏడుకు కొననిదీ, ఆరుకు కొననిదీ ధర ఎక్కువై కాదు. చివరిది కాబట్టి. అది తెలియక నేను ధర దించుకుంటూ పోయాను. సంతకొచ్చే జనానికి మాతో మొహమాటమేం ఉంటుంది? పెట్టె విప్పగానే మూడూ ఊడ్చుకుపోతారు.

“మళ్ళీ పంచండి” అన్నాను. “ఈసారి ఎవరూ ఎవరి గురించీ ఆలోచించొద్దు. సిగ్గు లేకుండా ఆడండి.”

సరే సరే అని అందరూ తలలూపారు. రెండో వంతులో మకితా చేతికి ఐదు వచ్చింది. “తీసుకోనా అండీ?” అని అందర్నీ పేరుపేరునా అడిగాడు. తీసుకో నాయనా, తీసుకో అంది నాంబు-సాన్. “మీకెవరికైనా కావాలంటే నేను తరువాత…” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అయితే తప్పుకో” అన్నాను. అతను తీసుకోకుండానే వంతు వదిలేశాడు. నా వంతు వచ్చింది. అదృష్టం కొద్దీ చేతిలో ఐదూ చిల్లరే. ఊరేగింపు తీసుకున్నాను. కట్ట తిరిగొచ్చాక రెండోది తీసుకున్నాను. మూడోది కూడా తీసుకున్నాను. తీసుకుంటుంటే నిజంగా సిగ్గేసింది, చెవులు వేడెక్కాయి. కాని ఆగలేదు. నా షట్టర్లన్నీ ఎగిరిపోయాయి. వంతు వంతుకూ కట్ట సగం నా చేతిలోకే వస్తోంది. వాళ్ళు క్షౌరశాలలు కొనుక్కుంటూ ఉండగానే ఆట ముగిసిపోయింది. వాళ్ళ ముగ్గురి జనాన్నీ కలిపినా నా వీధి జనానికి సరితూగలేదు.

“ఇది ఆటలా లేదమ్మాయ్” అంది నాంబు-సాన్. “ఇల్లు దోచుకున్నట్టుంది.”

ఇంకో రాత్రి రైలు. అచ్చం అదే. గడియారం మూడు చూపిస్తోంది. ధర మార్చకుండా పంపితే సంతలో పరువు పోతుంది, సుజు ఇక నాకు బొమ్మలు వేయదు. మార్చాలంటే, ఇదే ఆఖరన్న మనిషిని మళ్ళీ కుంచె పట్టమనాలి. ఎటు తిరిగినా సుజు నాకు దూరమయ్యేలా ఉంది. తనేమో ఏమీ జరగనట్టు ముక్కలన్నీ ఏరి కట్టలు కడుతోంది.

“సుజు, చూశావుగా.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఐదు చాలా చవకని. ఆరు కూడా చవకే.”

“తెలిసి చెప్పలేదా? చెప్పడానికేమైంది?”

సుజు చేతిలో కట్ట కింద పెట్టింది. “రాత్రి రైలప్పుడు చెప్పాను. ఇదే గదిలో. రైళ్ళన్నీ నేనే కొని గెలిచి, ఇది మరీ బలంగా ఉందేమోనే అన్నాను. అయితే ఆట నువ్వే తయారుచేసుకో అన్నావు. తరువాత వారం దాకా నా ఫోనెత్తలేదు.”

“నేను అలా అన్నానా?”

“అన్నావు. అప్పట్నుంచీ నీ మొహం చూసి ఆడుతున్నాం.”

“ఆడుతున్నాం అంటే? మీరందరూనా?”

మకితా టీ కప్పులోకి తల దూర్చేశాడు. నాంబు-సాన్ మాత్రం తడబడలేదు. “చివరిది తీసుకోవడానికి మొహమాటమూ ఉంది, కాదనను. కాని ఎవరైనా రెండోది తీసుకుంటే నీ మొహం మాడిపోయేదమ్మాయ్. నీ మొహం వెలుగుతుంటే మాకూ హాయిగా ఉండేది. అందుకని అలా ఆడేవాళ్ళం.”

నాకు నిలువునా మంట ఎక్కింది. “అంటే ఇన్ని నెలలూ మీరు ఆడింది నా ఆట కాదు. నన్ను ఆడించారు. పిల్లని ఊరుకోబెట్టినట్టు ఊరుకోబెట్టారు. ఇంతమందీ ఇక్కడ కూర్చుని ఒక్కళ్ళకైనా…”

“ఇదిగో” అంది సుజు. “ఇందుకే చెప్పలేదు.”

నోరు మూసుకున్నాను. కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. ఏడిస్తే మళ్ళీ వాళ్ళు నన్ను ఊరుకోబెట్టాలి.

“ధర మార్చాలి” అన్నాను.

“మార్చాలి.”

“నువ్వు ఆఖరన్నావు.”

“అన్నాను.”

“మళ్ళీ వేస్తావా?”

సుజు ఊరేగింపు ముక్క తీసి చూసుకుంది. లాంతర్లు, డోళ్ళు, వానలో తడుస్తూ పల్లకీ మోస్తున్న మనుషులు. ఒక్కొక్కరికీ వేరే మొహం. ఆట మొత్తంలో తను అన్నిటికంటే ఎక్కువ రోజులు వేసిన బొమ్మ అది, పెట్టె మూత మీదా అదే.

“అంకె నేను చెప్తాను” అంది. “నువ్వు ఒప్పుకుంటే వేస్తాను.”

“ఎంత?”

“ఎనిమిది.”

“ఎనిమిదా? మరీ ఎక్కువే. ఏడు చాలు. ఎనిమిది కావాలంటే ముందు రెండు మూడు వంతులు వేరే కొట్లు కొనుక్కుంటూ కూర్చోవాలి. అప్పటికి ఆట సగమవుతుంది. ఎవరూ కొనరు. పెట్టె మీద ఉన్న బొమ్మ ఆటలో ఎవరి చేతికీ రాకపోతే ఎలా ఉంటుంది చెప్పు?”

“రాకపోతే రాకపోనీ. కష్టపడి కొన్నవాడి చేతికే రానీ. బొమ్మ నాది కదా, ఆ బెంగ నాకు వదిలెయ్.”

ఏడు ఎందుకు సరిపోతుందో చెప్పడానికి నా దగ్గర ఇంకా బోలెడు కారణాలున్నాయి. నోటి దాకా వచ్చాయి. మింగేశాను. “ఒక్క ఆట ఆడి చూద్దాం” అన్నాను. “అంతకంటే టైము లేదు.”

చిన్న కాగితం మీద ఎనిమిది అని రాసి ఊరేగింపుల మీద పెట్టాను. పంచాం. ఈసారి ఎవరూ ఎవర్నీ అడగలేదు. నాంబు-సాన్ టోఫు కొట్లు వరసగా కొనుక్కుంటూ పోయింది. సుజు రెండు క్షౌరశాలలు కొంది, ఓపిగ్గా ఎదురుచూసి మొదటి ఊరేగింపు తీసుకుంది. మరికాసేపటికి రెండోది. నాకు మొహం బిగుసుకుపోతోందని నాకే తెలుస్తోంది. ఎనిమిదికి ఎవరూ కొనరన్నాను, రెండు కొనేసింది. ఇప్పుడు మూడోది కూడా కొని గెలిచిందంటే ఎనిమిదీ చవకే అని అర్థం. అలాంటప్పుడు ఏం చేస్తాం? నాలుగు కావస్తోంది. నా కాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది.

సుజు వంతు వచ్చింది. ముక్కలు పరిచింది. సరిగ్గా ఎనిమిది. చెయ్యి చివరి ఊరేగింపు దాకా వెళ్ళి ఆగిపోయింది. నా మొహం వంక చూసింది.

తనకు తేలికవుతుందని నేను గోడవైపు తిరిగిపోయాను. గోడ మీద బీరు కంపెనీ క్యాలెండరుంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

“కనాయే, ఇటు తిరుగు.”

“తీసుకోవే. నేను చూడనులే.”

“అలా వద్దు. నువ్వు చూస్తుండగా తీసుకుంటాను.”

తిరిగాను. సుజు నా కళ్ళలోకి చూస్తూ ఆ ముక్క తీసుకుంది. అప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. చెంపలు మాత్రం మండుతున్నాయి, మోకాళ్ళు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నాను. కోపం ఉంది, అవును, కోపమే. కాని ఏమీ అనలేదు. మకితా ఊపిరి వదలడం వినిపించింది. తరువాత తన వంతు తను ఆడాడు.

మూడు ఊరేగింపుల కోసం సుజు చాలా వంతులు ఖర్చుపెట్టేసింది. చివర్లో తరుముకొచ్చింది కాని, ఒక్క మనిషి తేడాతో నాంబు-సాన్ వీధి గెలిచింది. టోఫు కొట్లతో. ఆవిడ ఎంత సంబరపడిందంటే, ముక్కలు బల్ల మీద టపటపా కొట్టింది. అందరికంటే ఆఖరున నేనే ఉన్నాను.

ఒక్క ఆటతో ఏదీ తేలదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముగ్గురూ నావంకే చూస్తున్నారు.

“ఎనిమిది” అన్నాను.

సుజు సంచిలోంచి కుంచె, సిరా తీసింది. మా రాతలో ఎనిమిదికి రెండే గీతలు. ఆ రెండు గీతలే ఎన్ని కాగితాల మీద వేసిందో. ఒకటి సన్నబడింది, ఒకటి లాంతరు దాటిపోయింది. తొందర పెట్టకూడదని నేను పెదవి కొరుక్కున్నాను. చివరికి ఒక కాగితం పక్కన పెట్టింది. దాన్ని ఫొటో తీసి ఫైల్లో పెట్టాను. ముక్క మీద మార్చాను, పెట్టె వెనక మార్చాను, నియమాల కాగితంలో మార్చాను. నేను మారుస్తుంటే మకితా పక్కన కూర్చుని ఎక్కడెక్కడ ఐదు మిగిలిపోయిందో చూసి చెప్పాడు. ఒకచోట మిగిలింది. ఈసారి అతను తప్పు చెప్పడానికి మొహమాటపడలేదు. ఐదు కొట్టడానికి కాస్త ముందు ఫైళ్ళు వెళ్ళిపోయాయి.

నాకు హాయి అనిపించలేదు. నాంబు-సాన్ బీరు తేవడానికి కిందికెళ్ళింది, మకితా గ్లాసుల కోసం వెనకే వెళ్ళాడు.

“ఎనిమిది తప్పైతే?” అన్నాను.

“తప్పైతే నాది. అంకె చెప్పింది నేను. అప్పుడు నా మీద అరుచుకో.” సుజు గిన్నెలో నీళ్ళు పోసి కుంచె కడుగుతోంది. సిరా అంతా పోయేదాకా కడిగి, వేళ్ళతో పిండి, మొన సరిచేసింది. తల ఎత్తకుండానే అంది: “తరువాతి ఆటలో సముద్రం ఉండాలి.”

తరువాతి ఆట అన్న మాట నా చెవుల్లోనే ఉండిపోయింది. కాసేపటికి గాని మిగతాది అర్థం కాలేదు.

“సముద్రమా? ఎప్పట్నుంచి అనుకుంటున్నావు?”

“మన మొదటి ఆటప్పట్నుంచి.”

మొదటి ఆటలో కొండలు. రెండోదాంట్లో రైళ్ళు. ఇప్పుడు బజారు వీధి. అన్నీ నేను చెప్పినవే, అన్నీ తను వేసిపెట్టింది. ఒక్కసారీ చెప్పలేదేమే అని అడగబోయాను. జవాబు ఈ మధ్యాహ్నమే విన్నాను కాబట్టి అడగలేదు.

“ఎలాంటి సముద్రం?” అన్నాను. గొంతు తగ్గించే అడిగాను.